కోటలో మండువా

బ్యాంకు హాలిడే వచ్చిందంటే మనవాళ్ళలో కోట చూడడానికి వెళ్ళని కుటుంబం అరుదు. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉన్నారంటే ఇక చెప్పనక్కరలేదు. లండన్ టవర్ అయిపోయింది, విండ్సర్ అయిపోయింది, ఇంకేం చూపించాలా అని మ్యాపు ముందేసుకుని కూర్చుంటాం. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కుల్లో కాఫీ కారులో సర్దుకుని ఏదో ఒక కోటకి బయలుదేరతాం. బురుజు ఎక్కి, గాలికి వణికి, ఫొటోలు దిగి, పిల్లలకి ఓ చెక్క కత్తి కొనిచ్చి ఇంటికొస్తాం.

ఒకసారి మా నాన్నగారిని ససెక్స్‌లోని బోడియం కోటకి తీసుకెళ్ళాను. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో నాలుగు బురుజుల నీడలు, పైన తెల్లమబ్బులు. క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. ఆయన వంతెన దాటి, సింహద్వారం కింద నుంచి నడిచి, లోపల పచ్చికలో నిలబడి నాలుగు వైపులా తేరిపార చూశారు. "గోడలు బ్రహ్మాండంగా ఉన్నాయిరా. ఇల్లేదీ?" అన్నారు.

నేను నవ్వేశాను గానీ, ఆ తర్వాత ఈ కోటల గురించి చదివినకొద్దీ అడగవలసిన ప్రశ్న అదేననిపించింది. ఎందుకంటే అక్కడ నిజంగానే ఇల్లుండేది. గోడల కోసం ఇల్లు కట్టలేదు, ఇంటి కోసమే గోడలు కట్టారు. తర్వాతివాళ్ళు ఇంటిని పీకేసి గోడల్ని వదిలేశారు. మనం ఆ గోడల్ని చూసి, ఇక్కడ పొద్దస్తమానం యుద్ధాలే జరిగాయనుకుంటున్నాం.

మొదట ఈ తరహా కోట ఎలా పుట్టిందో చెప్పాలి. 1066లో ఇంగ్లండుకి వచ్చిన నార్మన్లు హడావిడిగా కట్టినవి చాలామటుకు మట్టి దిబ్బ కోటలు. మట్టి ఎత్తుగా పోసి, దానిమీద కర్రతో ఒక బురుజు లేపి, కింద దడి కట్టుకునేవారు. తర్వాత కర్ర పోయి రాయి వచ్చింది. లండన్ టవర్ మధ్యలో మనం చూసే వైట్ టవర్ ఆ కాలపుదే. దాన్ని కీప్ అంటారు. కొట్లు, హాలు, పడకగది, ప్రార్థన మందిరం అన్నీ ఒకే భవనంలో ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇల్లు అది. శత్రువు వస్తే అందరూ అందులో దూరి తలుపులు బిగించుకోవాలి. వెలుతురు తక్కువ, గాలి తక్కువ, మెట్లు మాత్రం ఎక్కువ.

దీన్ని తిరగేసి ఆలోచించిన కోటలే కోర్ట్‌యార్డ్ కోటలు. మధ్యలో ఉన్న బురుజును తీసేసి ఆ చోటును ఆకాశానికి వదిలిపెట్టారు. బలమంతా అంచులకి జరిపారు. నాలుగు మూలలా గోడకంటే ముందుకి పొడుచుకొచ్చే గుండ్రటి బురుజులు కడితే, బురుజులోంచి బాణం వేసేవాడికి గోడ మొదలంతా కనబడుతుంది, కింద చేరి గోడకి కన్నం పెట్టేవాడికి చాటు దొరకదు. కోటకి ఎప్పుడూ బలహీనమైన చోటు గుమ్మమే కాబట్టి, దానికి చెరోవైపు ఒక బురుజు నిలబెట్టి, ఉన్నవాటిలో అదే గట్టి చోటయ్యేలా చేశారు. ఇక ఇల్లు ఎక్కడ? ప్రహరీ గోడనే వెనక గోడగా చేసుకుని, నాలుగు వైపులా వరసగా గదులు కట్టుకున్నారు. తలుపులూ పెద్ద కిటికీలూ లోపలికి, మధ్య ఖాళీ స్థలం వైపుకి. ఒక్క మాటలో చెప్పాలంటే మన మండువా లోగిలే! గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇంతకంటే వివరించనక్కరలేదు. రెంటికీ చరిత్రలో చుట్టరికమేమీ లేదు. వెలుతురూ గాలీ ఇంట్లోకి రావాలి, వీధి మాత్రం రాకూడదు అనుకున్న మనిషి ఏ దేశంలోనైనా ఇదే ప్లాను గీస్తాడు.

ఫ్రాన్సులో రాజు ఫిలిప్ ఆగస్టస్ 1190 ప్రాంతంలో పారిస్‌లో మొదలుపెట్టిన లూవ్ర్ కోట నలుచదరంగా, మూలల బురుజులతో ఉండేది. అయితే పాత అలవాటు పోక నడివాకిట్లో ఒక పెద్ద గుండ్రటి బురుజు కూడా కట్టాడాయన. మోనాలిసాను చూడడానికి వెళ్ళే జనం ఆ మ్యూజియం నేలమాళిగలో ఆ పాత కోట పునాదుల్ని కూడా చూడొచ్చు, కానీ క్యూ అంతా పైన ఆవిడ దగ్గరే! అంతకు ముందే, 1168 తర్వాత, హాస్పిటలర్లనే యోధసన్యాసులు జోర్డాన్ లోయ పైన బెల్వోర్ దగ్గర చదరపు కోటలో ఇంకో చదరపు కోట కట్టారు. సలాదీన్ సైన్యం ఏడాదికి పైగా చుట్టుముట్టి ఉంటేగాని, 1189లో అది లొంగలేదు. దక్షిణ ఇటలీలో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ 1240ల్లో కట్టించిన కాస్టెల్ డెల్ మోంటేకి ఎనిమిది భుజాలు, ఎనిమిది మూలలా ఎనిమిది భుజాల బురుజులు, నడివాకిలి కూడా ఎనిమిది భుజాలే. చుట్టూ అగడ్త లేదు. దాన్ని ఎందుకు కట్టాడన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇటలీ వాళ్ళ ఒక సెంటు యూరో నాణెం మీద ఉన్న బొమ్మ అదే. ఇప్పటి పోలండులో, ట్యూటానిక్ ఆర్డర్ వాళ్ళు ఇటుకతో కట్టిన మాల్బోర్క్ కోటలో నాలుగు రెక్కల ఇంటి మధ్య వాకిట్లో నుయ్యి ఉంటుంది. 1945లో యుద్ధంలో ఘోరంగా దెబ్బతిన్న ఆ కోటను మళ్ళీ ఓపిగ్గా నిలబెట్టారు.

ఇక్కడ బ్రిటన్‌లో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది వేల్స్‌లో. మొదటి ఎడ్వర్డ్ రాజు వేల్స్‌ను తొక్కిపెట్టడానికి కట్టించిన కోటల్లో చివరిది బ్యూమారిస్. 1295లో మొదలైంది. ప్లాను చూస్తే ఇంజనీర్లకి ముచ్చటేస్తుంది. నలుచదరపు వాకిలి, దాని చుట్టూ ఎత్తు గోడ, దాని చుట్టూ ఇంకో పొట్టి గోడ, ఆ పైన నీళ్ళు. కట్టిన మేస్త్రీ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ 1296లో డబ్బు పంపమని లండన్‌కి రాసిన ఉత్తరం మిగిలి ఉంది. 400 మంది రాతిపనివాళ్ళు, 2000 మంది కూలీలు, క్వారీలో 200 మంది, 100 బళ్ళు, 30 పడవలు అని లెక్క చెప్పుకొచ్చాడు. డబ్బు రాలేదు, కోట పూర్తవలేదు. ఏడు వందల ఏళ్ళు దాటినా బురుజులు పొట్టిగానే ఉన్నాయి. కాంట్రాక్టరు బిల్లులు నిలిచిపోతే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు.

అయితే బ్యూమారిస్ రాజుగారి కోట, దండు విడిది. నేను చెప్పాలనుకున్నది అది కాదు. దానికి నూరేళ్ళ తర్వాత, ఇదే ప్లానును రాజులు కానివాళ్ళు తమ ఇళ్ళకి ఎలా వాడుకున్నారన్నది అసలు కథ. అందుకు బోడియంకే తిరిగి వెళ్ళాలి.

బోడియం కట్టినవాడి పేరు సర్ ఎడ్వర్డ్ డాలింగ్రిజ్. ససెక్స్ జిల్లావాడు. పెద్ద కొడుకు కాడు కాబట్టి తండ్రి ఆస్తి మీద ఆశ లేదు. అప్పట్లో అలాంటి కుర్రాళ్ళకి రెండే దారులు, యుద్ధం లేదా పెళ్ళి. ఈయన రెండూ చేశాడు. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య నూరేళ్ళ యుద్ధం నడుస్తోంది. 1367 నుంచి ఫ్రాన్సులో పోరాడాడు, ముఖ్యంగా సర్ రాబర్ట్ నోల్స్ అనే సేనాని కింద. ఆ దండులది యుద్ధమా దోపిడీయా అంటే చెప్పడం కష్టం. పల్లెల్ని కొల్లగొట్టి, ధనవంతుల్ని పట్టుకుని విడుదలకి సొమ్ము గుంజి మూటలు కట్టుకొచ్చేవారు. ఇక పెళ్ళి మాటకొస్తే, ఎలిజబెత్ వార్డ్యూ అనే ఆవిడను చేసుకోవడంతో బోడియం గ్రామం ఆవిడ తరఫున చేతికొచ్చింది. ఒక విధంగా ఇల్లరికమే. 1379 నుంచి 1388 లోపు ససెక్స్ తరఫున పదిసార్లు పార్లమెంటుకి వెళ్ళాడు.

పొగరు కూడా తక్కువేం కాదు. ఆ కాలంలో రాజుకంటే ధనవంతుడని పేరున్న జాన్ ఆఫ్ గాంట్, రాజుకి స్వయానా బాబాయి, ససెక్స్‌లో భూములు సంపాదించి పెత్తనం చెయ్యబోతే డాలింగ్రిజ్ ఆయన మనుషులతో తలపడ్డాడు. 1384లో విచారణకి పిలిస్తే కోర్టులోనే తన ఇనప చేతొడుగు తీసి నేలకేసి కొట్టాడు, దమ్ముంటే ద్వంద్వయుద్ధానికి రమ్మని. జైల్లో పెట్టారు. ఎక్కువ కాలం ఉండలేదు.

ఆ మరుసటి ఏడే, 1385 అక్టోబరు 20న, రెండవ రిచర్డ్ రాజు ఈయనకి ఒక అనుమతి పత్రం ఇచ్చాడు. ఇంటి చుట్టూ రాయీ సున్నంతో గోడ కట్టుకుని, దానిమీద కోటకొమ్మలు పెట్టుకుని, శత్రువుల నుంచి చుట్టుపక్కల ప్రాంతాన్ని కాపాడమని దాని సారాంశం. కౌన్సిల్ ఆఫీసు చుట్టూ ప్లానింగ్ పర్మిషన్ కోసం తిరిగినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. తమాషా ఏమిటంటే, అనుమతి ఇచ్చింది ఉన్న ఇంటికి. డాలింగ్రిజ్ ఆ పాత ఇంటిని వదిలేసి, రోదర్ నది వైపు కొత్త చోట సరికొత్త కోట కట్టుకున్నాడు. ఎవరూ అడిగినట్టు లేదు. 1386లో ఏటి కాలువని తన మిల్లుకి మళ్ళించుకోవడానికి ఇంకో అనుమతి సంపాదించాడు. ఊళ్ళో వారం వారం సంత, ఏడాదికో తిరునాళ్ళ పెట్టుకోవడానికి అంతకు ముందే, 1383లో హక్కు తెచ్చుకున్నాడు. ఒక్క కోట కాదు, తన పేరు చెప్పుకునే ఒక లోకాన్నే కడుతున్నాడన్నమాట.

శత్రుభయం ఉత్తిదా అంటే, కాదు. ఫ్రెంచివాళ్ళు సముద్రం దాటొచ్చి 1377లో దగ్గర్లోని రై పట్టణాన్ని తగలబెట్టారు. 1380లో విన్‌చెల్సీ మీద పడ్డారు. 1386లో ఇంగ్లండు మీద దండెత్తడానికి పెద్ద నౌకాదళాన్నే పోగుచేశారు. రోదర్ నదిలో అప్పట్లో బోడియం దాకా పడవలు వచ్చేవి. భయపడడానికి ఇంటి బయటే చూడక్కర్లేదు కూడా. 1381లో రైతులు తిరగబడి లండన్ దాకా నడిచి, మంత్రుల తలలు నరికి నాలుగేళ్ళే అయింది.

ఇప్పుడు కోటలోకి పోదాం. ఈనాడు మనం ఉత్తరం వైపు నుంచి తిన్నగా వంతెన మీద నడిచి వెళతాం. డాలింగ్రిజ్ కాలంలో అలా కాదు. పడమటి గట్టు నుంచి ఒక వంతెన మీద నీళ్ళ మధ్యనున్న ఎనిమిది పలకల దిమ్మ మీదకి రావాలి, అక్కడ కుడివైపుకి, కోటకి ఎదురుగా తిరగాలి. అక్కణ్ణుంచి ఇంకో చిన్న కాపలా బురుజు, ఆ తర్వాత సింహద్వారం. నడుస్తున్నంతసేపూ కోట మీ పక్కనే, నీళ్ళలో దాని నీడతో సహా కనిపిస్తూ ఉంటుంది. వచ్చినవాడు శత్రువైతే పక్క నుంచి బాణాలు తగులుతాయి. చుట్టమైతే, "అబ్బో, డాలింగ్రిజ్ ఎంత పెద్దవాడయ్యాడు!" అనుకుంటాడు. దారి రెండు పనులూ చేస్తుంది.

సింహద్వారం మీద చెక్కిన కుటుంబ చిహ్నాల్లో ఆయనదీ, భార్య పుట్టింటివాళ్ళదీ ఉన్నాయి. తలెత్తి చూస్తే పైన చూరులా ముందుకొచ్చిన గోడలో కన్నాలు, కిందివాళ్ళ మీద రాళ్ళూ సలసల కాగే నీళ్ళూ పొయ్యడానికి. గోడల్లో చిన్న ఫిరంగులు పేల్చడానికి తాళంచెవి ఆకారపు రంధ్రాలు. లోపలికి అడుగుపెట్టే చోట పైన వేలాడుతున్నది పోర్ట్‌కల్లిస్, అంటే పైనుంచి కిందికి దించే కర్ర జాలీ తలుపు, ఇనప రేకుల తాపడంతో. ఇంత పాత పోర్ట్‌కల్లిస్ కర్రతో సహా మిగిలి ఉండడం చాలా అరుదు.

సింహద్వారంలోంచి చూస్తే వాకిలికి అవతల, దక్షిణాన, తిన్నగా ఎదురుగా కనిపించేది పెద్ద హాలు గుమ్మం. ఆ వరసలోనే ఇంకా అవతల పెరటి గుమ్మం. దానిమీద ఆయన తన పాత సేనాని రాబర్ట్ నోల్స్ చిహ్నం చెక్కించాడు. గురుభక్తి అనుకోవచ్చు, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒప్పుకోవడం అని కూడా అనుకోవచ్చు.

హాలు పొడవు సుమారు 40 అడుగులు, వెడల్పు 24. దాని ఒక చివర గోడలో పక్కపక్కనే మూడు గుమ్మాలుంటాయి. వాటిని చూడకుండా రాకండి. మొత్తం కోటలో నాకు అన్నిటికంటే నచ్చినవి అవే. ఒకటి రొట్టెల గదికి, ఒకటి పానీయాల గదికి, మధ్యది వంటింటి దారికి. వంటిల్లు నైరుతి మూల, రెండు పెద్ద పొయ్యిలతో, పొగా వేడీ పైకి పోయేలా కప్పు దాకా ఎత్తుగా ఉండేది. పక్కనే బురుజు అడుగున నుయ్యి, అదే బురుజు తలమీద 300 దాకా పావురాల గూళ్ళు. చలికాలంలో తాజా మాంసం దొరకని రోజుల్లో అవే ఆధారం. అంటే ఒక్క బురుజులో కింద నీళ్ళు, పైన కూర! వంట చేసినవాడికి ఎన్ని మెట్లు తప్పాయో, ఎన్ని మిగిలాయో మన ఆడవాళ్ళే చెప్పాలి.

తూర్పు వైపు వరసలో యజమాని దంపతుల గదులు, ఈశాన్యాన ప్రార్థన మందిరం. మందిరానికి అగడ్త వైపు పెద్ద కిటికీ. పడమటి వైపు నౌకర్లకీ సేవకులకీ వేరే హాలు, వేరే వంటిల్లు. కోట మొత్తంలో ముప్పైకి పైగా ఫైర్‌ప్లేసులు, 28 మరుగుదొడ్లు. పద్నాలుగో శతాబ్దానికి ఇది మామూలు సౌఖ్యం కాదు. ఆ దొడ్లన్నీ నేరుగా అగడ్తలోకే. కాబట్టి నీళ్ళలో కోట నీడ చూసి కవిత్వం చెప్పేముందు, ఆ రోజుల్లో వేసవిలో ఆ నీటి వాసన ఎలా ఉండేదో కూడా ఊహించుకోవాలి.

ఇక పండితుల తగాదాకి వద్దాం. ఇది నిజమైన కోటా, లేక కోటలా కనిపించే పెద్ద ఇల్లా? చాలాకాలం అందరూ నిజమైన కోటే అన్నారు. అనుమతి పత్రంలో శత్రువుల మాట ఉంది, ఫిరంగి రంధ్రాలున్నాయి, ఇంకేం కావాలి? ఆ తర్వాత కొందరు లోపాలు ఎత్తిచూపారు. అగడ్త నీళ్ళని ఆపుతున్నది మట్టి గట్టు, శత్రువు దానికి గండి కొడితే నీళ్ళు పల్లానికి పోతాయి. ప్రార్థన మందిరం కిటికీ లాంటివి బయటి గోడలో ఉంచుకుని ముట్టడికి సిద్ధమనడం ఏమిటి? ఉత్తరాన గుట్ట మీద నిలబడితే కోటంతా కాళ్ళ కిందే ఉంటుంది. 1988లో రాయల్ కమిషన్ వాళ్ళు చుట్టూ నేలను సర్వే చేస్తే, కోట చుట్టూ చెరువులూ దారులూ చూపరులకి వింతగొలిపేలా అమర్చినట్టు తేలింది. గుట్ట మీది చోటు కోటనీ నీళ్ళనీ కలిపి చూసి ఆనందించడానికే అని వాళ్ళ అభిప్రాయం. 1990లలో ఈ వాదం బాగా ముదిరింది.

ఈ తగాదాలో నేను ఎటువైపంటే, ముందు ఇల్లే అంటాను. కానీ "ఉత్త డాబు" అనేవాళ్ళతో ఒప్పుకోను. ఆ రోజుల్లో కోట అంటే హోదా, హోదా అంటే పొరుగువాడు మీ పొలంలో కాలుపెట్టడానికి జంకడం. జాన్ ఆఫ్ గాంట్ మనుషులు ఊళ్ళోకి వచ్చి ఆ బురుజుల్ని చూశారంటే, బాణం వెయ్యకుండానే పని జరిగిపోయింది. చిన్న కొడుకుగా పుట్టి, చేతొడుగు విసిరి జైలుకెళ్ళినవాడికి ఆ గోడ అవసరం. ముట్టడి ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు. పొరుగువాళ్ళు రోజూ ఉంటారు.

నిజానికి ముట్టడి ఒక్కసారి వచ్చినట్టుంది. 1483లో అప్పటి యజమాని లూక్నర్ మూడవ రిచర్డ్ మీద తిరగబడితే, రాజు కోటని పట్టుకోమని ఉత్తర్వులిచ్చాడు. పెద్దగా పోరాటమేమీ జరగకుండానే లొంగినట్టు చెబుతారు.

శత్రువు బయటే ఉంటాడని అందరూ అనుకోలేదు మరి. యార్క్‌షైర్‌లో ఇదే కాలపు బోల్టన్ కోట చూడండి. రిచర్డ్ స్క్రూప్ అనే పెద్దమనిషి 1378లో జాన్ లెవిన్ అనే మేస్త్రీతో రాసుకున్న ఒప్పందం ఈనాటికీ ఉంది. అక్కడ నడివాకిలి బావిలాంటిది. చిన్నది, చుట్టూ ఎత్తు గోడలు, ఎండ దిగదు. అందులోకి తెరుచుకునే లోపలి గుమ్మాలకి కూడా ఒక్కొక్కదానికీ పోర్ట్‌కల్లిస్! సింహద్వారం విరగ్గొట్టుకుని వచ్చినవాడు వాకిట్లో బోనులో పడ్డట్టే. ఇంట్లో తిండి పెడుతున్న జీతపు సైనికులే ఏనాడైనా తిరగబడతారేమోనని యజమానులు భయపడేవారని, అందుకే తమ గదుల్ని వేరుచేసుకున్నారని ఒక పాత సిద్ధాంతం. బోడియంలో సేవకుల వరసకీ యజమాని వరసకీ లోపలినుంచి దారి లేకపోవడాన్నీ అలాగే వివరించేవారు. ఈనాటి చరిత్రకారులు దీన్ని అంతగా నమ్మరు. పెద్దింట్లో వంటిళ్ళు రెండుండడం భయానికే కానక్కరలేదు.

1568 జూలైలో స్కాట్లండు రాణి మేరీని ఖైదు చేసి తెచ్చి ఉంచింది బోల్టన్‌లోనే. 1569 జనవరి దాకా ఉంది. రాణికి తగ్గ సామాను అక్కడ లేక, గోడలకి వేలాడదీసే పరదాలూ తివాచీలూ చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ఎరువు తెప్పించారు. పెళ్ళివారు దిగినప్పుడు పక్కింటి జంపఖానాలు తెచ్చుకోవడం అన్ని చోట్లా ఉన్నదే.

ఈ ప్లాను కోటలకే పరిమితం కాలేదు. బోడియం గోడలు లేస్తున్న రోజుల్లోనే, విన్‌చెస్టర్ బిషప్ విలియం ఆఫ్ వైకమ్ తాను 1379లో స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీకి నలుచదరపు వాకిలి, దాని చుట్టూ హాలు, ప్రార్థన మందిరం, గదులు కట్టిస్తున్నాడు. గేటు బురుజుతో సహా కొలువంతా అదే. అందులో కత్తుల బదులు పుస్తకాలు పట్టినవాళ్ళు కాపురం ఉన్నారు గనక అది నిలిచింది, ఈనాటికీ హాల్లో భోజనాలు జరుగుతున్నాయి. పద్నాలుగో శతాబ్దపు మండువాలో మనుషులు ఎలా మసలుకునేవారో చూడాలంటే శిథిలమైన కోటకంటే అదే నయం.

కోటల గతి వేరు. 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. బోడియం యజమాని థానెట్ ప్రభువు రాజు పక్షం. పార్లమెంటు వేసిన జరిమానాలు కట్టడానికి 1644లో కోటను అమ్ముకున్నాడు. ఆ తర్వాతే లోపలి ఇళ్ళనీ, వంతెనల్నీ, ముందరి కాపలా బురుజునీ కూలదోసి, పనికొచ్చే సామానంతా తీసుకుపోయారు. బోల్టన్‌ను 1645లో ముట్టడించి, 1647లో పనికిరాకుండా చేశారు. అదే ససెక్స్‌లో, 1441లో అనుమతి పొంది ఎర్ర ఇటుకతో కట్టిన హర్స్ట్‌మాన్సూ కోటకి యుద్ధం జోలే తగల్లేదు. కానీ 1777లో దాని లోపలి భాగమంతా పీకి, ఆ సామానుతో వేరే ఇల్లు కట్టుకున్నారు. ఎక్కడ చూసినా ఇదే వరస. పైకప్పు సీసం, దూలాలు, తలుపులు, నేల పలకలు డబ్బు చేస్తాయి. ఆరేడు అడుగుల మందం గోడ పడగొట్టాలంటే కూలి గిట్టదు. అందుకని ఇల్లు పోయి గోడ మిగిలింది. "ఇల్లేదీ?" అన్న ప్రశ్నకి జవాబిదే.

ఆ గోడ కూడా పోయేదే. 1829లో బోడియంను కూలగొట్టి రాయి అమ్ముకోబోతుంటే, ఆ ప్రాంతంలో "పిచ్చి జాక్" అని పేరుపడ్డ జాన్ ఫుల్లర్ దాన్ని కొని ఆపాడు. తర్వాత చేతులు మారి, 1917లో కొన్నది ఎవరనుకున్నారు? లార్డ్ కర్జన్! 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేసి వందేమాతరం ఉద్యమానికి కారణమైన మన వైస్రాయి కర్జనే. ఆ మాట మరిచిపోమని నేననను. కానీ అదే మనిషి భారత పురావస్తు శాఖకి ప్రాణం పోసి, 1904లో ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు. ఇక్కడికి తిరిగొచ్చాక లింకన్‌షైర్‌లో టాటర్‌షల్ కోట రాతి ఫైర్‌ప్లేసుల్ని ఊడబెరికి అమ్మేస్తుంటే, 1911లో కోటను కొని, వాటిని వెతికి వెనక్కి తెచ్చి పెట్టించాడు. ఇంగ్లండులో 1913 నాటి కట్టడాల చట్టం వెనకా ఆయన చెయ్యి ఉంది. బోడియంలో 1919 నుంచి తవ్వకాలు జరిపించి, అగడ్త నీళ్ళు తోడించి, బురద తీయించి, గోడలకి మరమ్మతులు చేయించాడు. నీళ్ళు పోయాక చూస్తే అగడ్త సగటున అయిదడుగుల లోతే! 1925లో చనిపోతూ కోటను నేషనల్ ట్రస్టుకి రాసిచ్చాడు. వలసదేశంలో నేర్చుకున్న పని సొంత ఊళ్ళో చేశాడో, సొంత ఊరి సరదా మన దేశంలో తీర్చుకున్నాడో, రెండూ నిజమేనేమో.

బోడియంలో ఇంకొకటి ఉంది, టికెట్టు కొన్నవాళ్ళలో చాలామంది పక్కనుంచే నడిచిపోతారు. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో ఇదే లోయని కాపాడడానికి కట్టిన కాంక్రీటు పిల్‌బాక్సు. పొట్టిగా, వికారంగా, గడ్డిలో సగం దాక్కుని ఉంటుంది. బురుజు లేదు, చిహ్నం లేదు, నీళ్ళలో నీడ లేదు. పోరాటానికి మాత్రమే కట్టింది ఎలా ఉంటుందో తెలియాలంటే దాన్ని చూసి, తిరిగి కోట వంక చూడండి.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కెంట్‌లోని టెంటర్‌డెన్ నుంచి బోడియం దాకా ఆవిరి బండి నడుస్తుంది, 2000లో ఆ లైను మళ్ళీ తెరిచారు. పిల్లలకి అది కోటకంటే నచ్చినా ఆశ్చర్యం లేదు. లోపలికి వెళ్ళాక మాత్రం వెంటనే బురుజెక్కకండి. నడివాకిట్లో నిలబడి గోడల వంక చూడండి. గాల్లో, మనిషి అందుకోలేని ఎత్తులో ఫైర్‌ప్లేసులు వేలాడుతుంటాయి. వాటి కింద వరసగా దూలాల కన్నాలు, అక్కడ నేల ఉండేది. ఆ నేలమీద ఎవరో చలి కాచుకున్నారు. తర్వాత దక్షిణం వైపు ఆ మూడు గుమ్మాల దగ్గరికి వెళ్ళండి. మధ్య గుమ్మంలోంచి వంటింట్లోకి నడిచి, పొయ్యిలోకి తల పెట్టి పైకి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. మా నాన్నగారు చాలాసేపు అక్కడే ఉన్నారు. బయటికొచ్చి, గట్టు మీద పులిహోర తింటూ, "వంటిల్లు నైరుతిలో పెట్టాడు, ఆగ్నేయంలో ఉండాల్సింది" అన్నారు.